ఏరువాకకు ముందు శరీరమును పనికి అలవరచుట

సంక్రాంతి నాటికి మాసూళ్లు ముగిసి ధాన్యము గిడ్డంగులకు చేరును. రెండవ పంటకు నీరు లేని గ్రామములలో అప్పటినుండి తొలకరి వరకు రైతునకు చెప్పుకొనదగిన పని యుండదు. పూర్వము ఈ నెలలలో పెంట తోలుట, చెరువు మట్టి తోలుట, గట్లు వేయుట, ఇండ్ల కప్పులు నేయుట, పగ్గములు పేనుట మొదలగు పనులు సాగుచుండెడివి. నేడు వానిలో పెక్కింటిని యంత్రములు చేయుచున్నవి. కొన్ని అసలే లేకుండ పోయినవి. కావున మన రైతులలో పలువురు నాలుగైదు నెలలు కుర్చీలోను, మంచము పైని, మోటారుసైకిలు మీదను గడిపి, తొలివాన పడిన మరునాడే పార పట్టి దినమంతయు పని చేయ బూనుచున్నారు. మూడవ నాటికి నడుము పట్టుట, మోకాలు వాచుట, కొందరి విషయమున అంతకంటె గొప్ప యాపద కలుగుట, ప్రతి యేటను చూచుచునే యున్నాము.

ఎద్దుల విషయమున మన పెద్దలు ఇట్లు చేసి యెరుగరు. వేసవి యంతయు కొట్టములో నిలిచిన ఎద్దును ఏరువాక నాడు పూజించి, కాడి వేసి, నాలుగు సాళ్లు మాత్రము దున్ని విప్పివేయుదురు. మరునాడు మరికొంత సేపు కట్టుదురు. నెలల తరబడి కాడి మోయని మూపు మెత్తబడి యుండును. మొదటి దినమే పూటంతయు దున్నినచో అది రాచుకొని పుండు పడుననియు, ఆ పుండు మానువరకు అదను దాటిపోవుననియు వారికి తెలియును. ఈపాటి విచారణ తన నడుము విషయమున, తన మోకాళ్ల విషయమున చేసికొను రైతు అరుదు.

యంత్రములను నిందించుట మా యుద్దేశము కాదు. కపిల తోలిన వానికిని, గూడ వేసిన వానికిని, ఏతము మీద నడచిన వానికిని ఆ కష్టమెట్టిదో తెలియును. రోకటితో దంచి, తిరగలి విసరి, కడవలతో నీరు మోసి నలుబదియేండ్లకే నడుము వంగిన తల్లులను మన యిండ్లలోనే చూచితిమి. ఆ దినములు మరల రావలెనని కోరువాడు వానిని అనుభవింపనివాడై యుండవలెను. అయితే ఆ కష్టముతోపాటు మరియొకటి కూడ మన చేతినుండి జారిపోయినది. రైతు దినమునకు ఎన్ని మైళ్లు నడచెడివాడో, ఎన్ని మారులు వంగి లేచెడివాడో లెక్కపెట్టినవారు లేరు. ట్రాక్టరు దున్నుచున్నది, కోతయంత్రము కోయుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, కొన్ని యెడల డ్రోను మందు చల్లుచున్నది. పొలము వరకు మోటారుసైకిలు పోవుచున్నది. తినెడి యన్నము మాత్రము నాటి కొలతనే యున్నది.

దీని ఫలము లెక్కలలో కనబడుచున్నది. భారత వైద్య పరిశోధనా మండలి వారు దేశమంతట జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలన ననుసరించి మన దేశమున 10 కోట్ల మందికి పైగా మధుమేహము కలదు. ఇది పట్టణముల వ్యాధి యని తలచుట పొరపాటు. పల్లెలలో సైతము వయోజనులలో నూటికి సుమారు 9 మందికి అది కలదని తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్క చొప్పున 2022 నాటికి మన దేశపు పెద్దలలో దాదాపు సగము మందికి చాలినంత దేహశ్రమ లేదు.

పనిలేకుండ నుండుట దేహమును ఎంత త్వరగా చెరచునో తెలుపు వృత్తాంత మొకటి కలదు. 1966లో అమెరికా దేశపు డాలస్ నగరమున వైద్యులు ఇరువదియేండ్ల యువకులను ఐదుగురిని మూడు వారములు పడకపైననే యుంచిరి. తరువాత పరీక్షింపగా, శ్రమించునపుడు దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి నూటికి 27 పాళ్లు తగ్గి యుండెను. ముప్పదియేండ్ల పిమ్మట ఆ యైదుగురినే మరల పరీక్షించిరి. అప్పటికి వారికి ఏబదియేండ్లు. ముప్పదియేండ్ల వయసు మీదపడుట వలన పోయిన శక్తి, నాడు మూడు వారముల పడక వలన పోయిన దానికంటె తక్కువగా నుండెను! మరియు వారిచేత ఆరు నెలలపాటు నడక, మెల్లని పరుగు, సైకిలు తొక్కుట కొద్దికొద్దిగా పెంచుచు చేయింపగా, వారు ఇరువదియేండ్లనాడు ప్రయోగమునకు ముందున్న శక్తిని మరల పొందిరి. ఐదుగురి కథ అందరికి అక్షరాల వర్తింపదు, నిజమే. అయినను ఏబదియేండ్లు దాటిన పిదప ఇంకేమి సాధింతుమని నిరాశపడు మన సోదరులు దీనిని గమనింతురు గాక. అచ్చట వైద్యులు తొందరపడలేదు. ఆరు నెలలు పట్టినది.

ఇట్టిదే మరియొకటి. లండను నగరమున రెండంతస్తుల బస్సులు తిరిగెడివి. డ్రైవరు దినమంతయు కూర్చుండి నడపును. కండక్టరు టిక్కెట్ల నిమిత్తము దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగును. ఇరువురి జీవనమును ఇంచుమించు ఒక తీరుదే. జెర్రీ మారిస్ అను వైద్యుడును అతని తోడివారును 1953లో ప్రకటించిన పరిశీలనలో, కండక్టర్లకంటె డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నట్లు తేలెను. ఆ కండక్టర్లు వ్యాయామశాలకు పోయినవారు కారు, దండెములు తీసినవారు కారు. వారి పనిలోనే ఎక్కుట దిగుట యుండెను. ట్రాక్టరు పీఠముపై కూర్చున్నవానికిని, గట్టు వెంబడి నడచి మడవలు చూచుకొనువానికిని గల భేదము ఇట్టిదే.

ఎంత నడచిన చాలునని అడుగువారు కలరు. దినమునకు 10,000 అడుగులు వేయవలెనను మాట నేడు సెల్‌ఫోనులు గల పిల్లలందరును చెప్పుచున్నారు. ఆ సంఖ్య తొలుత వైద్యులు తేల్చినది కాదు. 1965లో జపాను దేశమున అడుగులు లెక్కించు పరికర మొకటి అమ్మకమునకు వచ్చెను. దాని పేరునకే పదివేల అడుగుల కొలమానమని యర్థము. ఆ పేరే ప్రపంచమంతట పాకినది. ఇంతకంటె తక్కువ నడకతోను మేలు కలుగునని తరువాతి పరిశీలనలు చూపినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2020లో చెప్పినది వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ శ్రమ. అది ఒక్క విడతగా పది నిమిషములైన సాగవలెనను పూర్వపు నియమమును కూడ వారు తొలగించిరి. రెండు నిమిషముల నడకయు లెక్కకు వచ్చును. మధ్యమ శ్రమ యనగా నేమి? నడచుచు తోడివానితో మాటాడగలుగవలెను గాని పాట పాడుటకు ఊపిరి చాలకుండవలెను.

రైతునకు గడియారముకంటె పొలమే తగిన కొలమానము. నాలుగు వైపులు సమముగా నున్న ఎకరము చుట్టు గట్టు సుమారు 254 మీటర్లు. నాలుగు చుట్లు తిరిగిన ఒక కిలోమీటరు దాటును. వారమునకు 150 నిమిషములను దినములకు పంచిన దినమునకు 22 నిమిషములు; మామూలు నడకను ఏడు చుట్లతో తీరిపోవును. ఇప్పుడేమియు నడవనివారు ఏడింటితో ఆరంభింపరాదు. మొదటి వారము రెండు చుట్లు, తరువాత వారమునకొక చుట్టు చొప్పున పెంచుకొనిన ఆరవ వారమునకు ఏడగును. సంకురాత్రి పోయిన పిమ్మట మొదలిడిన వేసవి ముదరక మునుపే ఇది సాధ్యము. గట్టు మీద చీకటిలో తిరుగువారు బ్యాటరీ దీపమును, కాలికి చెప్పును మరువరాదు. పాముకాటు తగిలించుకొని సంపాదించు ఆరోగ్యమేల?

నడక కొరకు ప్రత్యేకముగా తీరిక చేసికొనలేని వారు ఉన్న పనిలోనే దానిని చొప్పింపవచ్చును. మోటారుసైకిలును పొలము గట్టు వరకు తోలక, కాలువ వంతెన యొద్దనో దారి మొదటనో నిలిపి మిగిలిన దూరము నడువవచ్చును. పాలకేంద్రమునకు, సంఘ కార్యాలయమునకు, రచ్చబండకు బండి అవసరము లేదు. ఫోనులో మాటాడునంత సేపు వాకిట తిరుగవచ్చును. భోజనము కాగానే మంచమెక్కక ఐదు పది నిమిషములు వీథిలో నడచినచో, తిన్న వెంటనే రక్తములో పెరిగెడి చక్కెర కొంత తగ్గును. మధుమేహము గలవారికి ఈ యొక్క యలవాటు మిక్కిలి మేలు చేయును. ఖర్చు లేదు.

నడక యొక్కటే చాలదు. బరువెత్తు కండలకును పని కావలెను. లేనిచో జ్యేష్ఠమాసమున యూరియా బస్తా యెత్తునపుడు నడుము పట్టును. 2018 నుండి ఆ బస్తా 50 కిలోలకు మారుగా 45 కిలోలకు తగ్గినదే గాని, నాలుగు నెలలు ఏమియు నెత్తని వెన్నునకు అదియు గొప్ప బరువే. ఇందులకు సులభమైన యుపాయము మన నులకమంచమే. దానిపై కూర్చుండి, చేతులు ఊనకుండ లేచి, మరల మెల్లగా కూర్చుండవలెను. ఉదయము ఐదు మారులు, సాయంకాలము ఐదు మారులు. అది తేలికయైన నాడు పదేసి. మోకాలి నొప్పి గలవారు మంచమునకు బదులు ఎత్తైన కుర్చీతో ఆరంభింతురు గాక. తరువాత పశువులకు దాణా, నీరు మోయునపుడు ఒక చేతి బరువును రెండు చేతులకు పంచుకొని, సగము బిందెతో మొదలిడి నిండు బిందెకు రావచ్చును. ఎత్తునపుడు ఊపిరి బిగబట్టరాదు. రక్తపోటు గలవారికి అది కీడు.

తొలకరి వచ్చినపుడు ఎండయు ఉక్కయు తోడగును గనుక అప్పుడు మరింత జాగ్రత్త వలయును. ఎండలో క్రొత్తగా పనికి వచ్చువారిని గూర్చి అమెరికాలో పనివారి ఆరోగ్యమును విచారించు ప్రభుత్వ సంస్థ యొక నియమము చెప్పినది: మొదటి దినము పూర్తి పనిలో ఐదవవంతు, ఆపైని దినదినమునకు మరియొక ఐదవవంతు మించకుండ పెంచవలెను. ఆరు గంటల పనియైనచో మొదటి నాడు గంటపైన కొంచెము, రెండవనాడు రెండున్నర గంటలకు లోపు, ఐదవనాడు పూర్తి పని. మన ఏరువాక సాళ్లకును దీనికిని భేదమేమి? ఎండలో పని చేయునంతవరకు దాహము కొరకు వేచియుండక ఇరువది నిమిషముల కొకసారి గ్లాసెడు నీరు త్రాగవలెను. అలవాటు లేని పని చేసిన మరునాడును, మూడవనాడును కండలు నొచ్చుట సహజము. దానికి వెరచి పని మానివేయ నక్కరలేదు. తేలిక పని చేయుచుండిన రెండు మూడు దినములలో తగ్గును. కీలు వాచినను, నొప్పి కాలిలోనికి దిగి తిమ్మిరి పట్టినను అది వేరు, వైద్యునికి చూపవలెను.

ఈ సలహాలు దినమంతయు వంగి నాట్లు వేయు స్త్రీలకు చెప్పినవి కావు. వారికి లోపించినది శ్రమ కాదు, విశ్రాంతి. గంటకొకమారు నడుము నిలిపి నిలువబడుటకు, నీడకు, నీటికి వారికి అవకాశ మిచ్చుట పని చేయించుకొను రైతు విధి. అట్లే జ్వరములు, శస్త్రచికిత్సలు, ముఖ్యముగా కీళ్లను పట్టి నెలల తరబడి పీడించు చికున్ గున్యా వచ్చి తేరుకొనుచున్నవారు పైని చెప్పిన లెక్కను తమకు తగినంత తగ్గించుకొనవలెను. ఇంటిలోనే ఈ గోడనుండి ఆ గోడకు నడచుటయు వారికి నడకయే.

మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు నడక పెంచకముందే వైద్యుని అడుగవలెను. కొన్ని మందులతో శ్రమ కూడినపుడు చక్కెర మితిమీరి పడిపోవును. వణకు, చెమట, కండ్లు తిరుగుట తోచినచో పని నిలిపి వెంటనే బెల్లమో పంచదారయో తినవలెను. అట్టివారు సాయంకాలము అరికాళ్లు చూచుకొనుట కూడ అవసరము. ముల్లు గ్రుచ్చుకొనినను వారికి తెలియకపోవచ్చును. ఏబది దాటినవారు ఏరువాకకు ముందే ఉపకేంద్రమున రక్తపోటు, చక్కెర పరీక్షించుకొందురు గాక. పనిలో నుండగా రొమ్ము బిగిసినట్లయి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకి, చల్లని చెమట పట్టినచో గాలినొప్పి యని వాము నమలుచు కూర్చుండరాదు. పని విడిచి, నీడను కూర్చుండి, 108కి ఫోను చేయవలెను. పొలమునకు పోవు దారి చెప్పగలవానిని నొకనిని రోడ్డు మీద నిలిపిన బండి త్వరగా చేరును.