ఎర్రమట్టి రన్‌వే మీద విమానం దిగాలంటే

ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో పశువుల్ని పెంచే పెద్ద పెద్ద క్షేత్రాలున్నాయి. అక్కడివాళ్లు వాటిని స్టేషన్లు అంటారు. కొన్ని వేల చదరపు కిలోమీటర్లు ఉంటాయి. పొరుగింటికి వెళ్లాలన్నా గంటల ప్రయాణమే. గట్టి వాన పడితే మట్టిరోడ్లు రోజుల తరబడి మూతపడతాయి. అందుకే చాలా స్టేషన్లలో ఇంటికి దగ్గర్లోనే చదును చేసిన మట్టి రన్‌వే ఒకటి ఉంటుంది. టవరు, ఫైరింజను, రాత్రి దీపాలు ఏవీ ఉండవు. అంచుల వెంట తెల్లరంగు పూసిన పాత టైర్లు, ఓ పక్కన స్తంభానికి గాలివాలు చూపే గుడ్డ గొట్టం. చాలాచోట్ల కనిపించేది అంతే.

విమానాశ్రయంలో ఎందరో చేసే పనిని ఇక్కడ ఇద్దరు పంచుకుంటారు. పైన పైలట్, కింద స్టేషన్ మనిషి. వీళ్లలో రెండోవాళ్ల పనిని మనం తక్కువగా చూస్తామని నాకనిపిస్తుంది. నిజానికి సగం భద్రత వాళ్ల చేతిలోనే ఉంది.

బయల్దేరే ముందే పైలట్ స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు. సొంతదారు అనుమతి కావాలి. అంతకంటే ముఖ్యంగా కబురు కావాలి. వాన ఎప్పుడు పడింది? నేల ఆరిందా? పశువులు కంచె దాటి వస్తున్నాయా? పైన పొర ఎండి, అడుగున మెత్తగా ఉండే మట్టి ఆకాశం నుంచి చూస్తే గట్టినేలలాగే కనిపిస్తుంది. చక్రం దిగబడ్డాక గానీ తెలియదు. ఆస్ట్రేలియా విమానయాన నియంత్రణ సంస్థ చాలాకాలం సూచించిన పరీక్ష ఒకటుంది. స్ప్రింగులు బిగువుగా ఉన్న బండిని రన్‌వే మీద గంటకు 75 కిలోమీటర్ల వేగంతో నడపాలి. లోపలివాళ్లకు కుదుపు ఇబ్బందిగా లేకపోతే ఆ నేల విమానానికి సరిపోయేంత నున్నగా ఉన్నట్టే.

టవర్ లేదు కాబట్టి పైలట్లు ఒకరికొకరు చెప్పుకోవడమే పద్ధతి. వేరే ఫ్రీక్వెన్సీ కేటాయించని చోట సాధారణంగా వాడేది 126.7 మెగాహెర్ట్జ్. దాదాపు 18 కిలోమీటర్ల దూరం నుంచే తానెవరో, ఎటునుంచి, ఎంత ఎత్తులో వస్తున్నాడో పైలట్ ప్రకటిస్తాడు. జవాబు రాకపోతే ఆకాశం ఖాళీ అని కాదు, అవతలివాళ్ల రేడియో పాడై ఉండొచ్చు. కాబట్టి కళ్లు తిప్పుతూనే ఉండాలి. ఆపైన రన్‌వే మీదుగా ఓసారి ఎగిరి గాలి ఎటు వీస్తోందో, గుంతలు పడ్డాయేమో, అడ్డంగా జంతువులున్నాయేమో చూసుకుంటాడు. కంగారూలు తెల్లవారుజామున, సందెవేళ ఎక్కువగా తిరుగుతాయి. వీలైతే ఆ వేళల్లో దిగకపోవడమే మంచిది.

అయితే జబ్బు వేళ చూసుకుని రాదు. 1928 మే 17న క్లోన్‌కరీ అనే ఊరి నుంచి, రోగి దగ్గరికే డాక్టర్‌ను తీసుకెళ్లే మొదటి ఫ్లయింగ్ డాక్టర్ విమానం బయల్దేరింది. ఆ సేవకు మూలపురుషుడు జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడు. విమానాన్ని క్వాంటాస్ విమాన సంస్థ నుంచి అద్దెకు తీసుకున్నారు. నేటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్‌కు చాలాచోట్ల ఈ మట్టి రన్‌వేలే ఆధారం. రాత్రి విమానం వస్తోందంటే ఇంటిల్లిపాదికీ పనే. ఒకరు హెడ్‌లైట్లు వేసుకుని బండిని అటూ ఇటూ నడిపి కంగారూలను తరుముతారు. ఒకప్పుడు మిగతావాళ్లు డబ్బాల్లో డీజిల్‌తో తడిపిన టాయిలెట్ పేపర్ చుట్టలు పెట్టి, అంచుల వెంట వరసగా వెలిగించుకుంటూ వెళ్లేవారు. ఇప్పుడు బ్యాటరీ దీపాలు వచ్చాయి. విమానం దిగగానే పని అయిపోదు. రోగిని ఎక్కించి మళ్లీ పైకి లేచేదాకా రన్‌వేను కాపాడాల్సిందే. నల్లార్‌బోర్ మైదానం మీదుగా కారులో వెళ్లే మన తెలుగువాళ్లు ఐర్ హైవే మీద అక్కడక్కడా తెల్లచారల గుర్తులు చూసే ఉంటారు. అత్యవసరమైతే ఆ రోడ్డే రన్‌వే అవుతుంది.

ఇక ఇంధనం. అది దొరికే చోట తరచుగా 200 లీటర్ల డ్రమ్ముల్లోనే ఉంటుంది. నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ వాననీరు నిలుస్తుంది. రాత్రి చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతే, ఆ నీటిని మూత సందుల్లోంచి లోపలికి లాగేస్తుంది. అందుకే డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి నిల్వ చేస్తారు. వాడేముందు నిలబెట్టి తేరనిస్తారు. పంపు గొట్టం అడుగుకు తగలకుండా చూస్తారు. నింపాక ట్యాంకు అడుగు నుంచి పారదర్శకమైన గ్లాసులోకి కాస్త వంపి వెలుతురులో పట్టుకుంటారు. నీరు బరువు కాబట్టి బుడగల్లా అడుగున చేరుతుంది. ఇక్కడొక మోసం ఉంది. గ్లాసు నిండా నీళ్లే వచ్చినా బుడగలు కనిపించవు, తేటగానే ఉంటుంది. అందుకే రంగు చూడాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే పెట్రోలు లేత నీలం.

తిరిగి లేచేటప్పుడు కంకర రాళ్ల మీద నిలబడి ఇంజన్ వేగం పెంచకూడదు. ప్రొపెల్లర్ రాళ్లను పైకి లాక్కుని తన రెక్కల అంచులనే చెక్కేసుకుంటుంది. విమానం కదులుతుండగా మెల్లగా పెంచాలి. ఎండ 45 డిగ్రీలకు చేరితే గాలి పలచబడి ఇంజన్ బలమూ, రెక్కల పట్టూ తగ్గుతాయి, పరుగు చాలా పొడవవుతుంది. పొద్దునే వెళ్లాలి, లేదా బరువు తగ్గించుకోవాలి.

పైలట్ తాను ఎక్కడికి, ఎన్నింటికి చేరతాడో ఒకరికి చెప్పి బయల్దేరాలి. ఆ సమయానికి కబురు అందకపోతే వాళ్లు వెతుకులాట మొదలుపెట్టిస్తారు. వెంట పుష్కలంగా నీళ్లు, ఆపదలో సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉండాలి. దారిలో దిగాల్సి వస్తే సాయం కోసం నడిచి వెళ్లకుండా రెక్క నీడలోనే ఉండాలి. వెతికేవాళ్లకు పైనుంచి ఒంటరి మనిషి కంటే విమానమే ముందు కనిపిస్తుంది.