సింగరేణి బొగ్గుకు జాడ చూపిన కింగ్

రాజమండ్రి: సింగరేణి బొగ్గు జాడను తొలుత చూపిన భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఆయన 1871లో ఇల్లెందు సమీపాన బొగ్గును గుర్తించారు. తవ్వకాలు మాత్రం 1889లో ఆరంభమయ్యాయి.

అన్వేషకుని పని గని తవ్వడం కాదు. పైకి కనిపించే రాతిని బట్టి లోపలి పొర ఎటు వాలిందో, ఎంతవరకు విస్తరించిందో పటంపై చూపడం. గోదావరి జిల్లా తీరప్రాంత శిలలపై 1880లో, ప్రాణహిత-గోదావరి లోయపై 1881లో కింగ్ రచనలు వెలువడ్డాయి. 1887 నుంచి 1894 వరకు ఆయన ఆ సంస్థకు డైరెక్టరుగా వ్యవహరించారు. ఇల్లెందులోని ప్రధాన బొగ్గు పొరకు 'కింగ్ సీమ్' అన్న పేరు స్థిరపడింది.

బొగ్గును దాచుకున్న గోండ్వానా శిలల పట్టీ లోయ వెంట ఆగ్నేయంగా సాగి చింతలపూడి ప్రాంతానికీ చేరుతుంది. అక్కడి భూగర్భంలోనూ బొగ్గు ఉన్నట్లు తదుపరి అన్వేషణల్లో తేలింది.