స్వల్పవ్యయముతో విద్యుత్ గిటారు

ఝరాసంగమునందు కేతకీ సంగమేశ్వరుని సన్నిధిని భజనలు వినుచు పెరిగిన మన చెవులకు గిటారు పరాయి వాద్యముగా తోచుట సహజము. అయినను మనుమలు అది కావలెనని యడిగినప్పుడు ధనమిచ్చువారము మనమే గదా! కావున దాని మర్మము కొంత తెలిసికొనుట మేలు.

విద్యుత్ గిటారు దేహము తరచుగా గట్టి చెక్క. వీణకుండవలె తొలిచినది కాదు. తీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు సన్నని రాగితీగయు నుండును. దీనిని పికప్ అందురు. ఉక్కుతీగ కంపించినప్పుడు ఆ రాగిచుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ధర్మమిదియే. దానిని ఆంప్లిఫయరు పెంచి వినిపించును. కావున ధనమంతయు గిటారునకే వెచ్చింపరాదు; ఆంప్లిఫయరునకును కొంత మిగుల్చవలెను. దానిని ఎర్తింగు గల ప్లగ్గునకే తగిలింపవలెను.

మా మనుమడు పాతగిటారొకటి చవుకగా కొనెను. ఎంత సాధన చేసినను పైమెట్లపై అపశ్రుతియే. నీకు శ్రుతిజ్ఞానము లేదని నేనే మందలించితిని. వాడు క్రొత్త పికప్ వేయించెను. ధనము పోయెను గాని అపశ్రుతి పోలేదు. తుదకు వాద్యమును మూలబెట్టెను.

ఒకనాడు నేనే దానిని పరీక్షించితిని. పండ్రెండవ మెట్టు తీగకు నడుమ నుండును. అచ్చట వ్రేలు తాకించి మీటిన తారస్వరమును, అదిమి మీటిన స్వరమును ఒక్కటి కావలెను. అదిమిన స్వరము హెచ్చుగా పలికెను. తుప్పు పట్టిన తీగలను మార్చి, బ్రిడ్జిపైనున్న చిన్నమరను త్రిప్పి తీగనిడివిని కించిత్తు పెంచగా రెండును కలిసెను. దోషము బాలుని చెవిలో లేదు, నా తీర్పులోనే యుండెను. ఆ మాట వానితో చెప్పితిని. వాడు మరల సాధన మొదలుపెట్టెను.

వీణమెట్లను మైనము కరగించి తిరిగి అమర్చవచ్చును. గిటారుమెట్లు చెక్కలో దిగగొట్టినవి. కావున కొనుటకు ముందే మెట్లు అరిగినవేమో చూడవలెను. మెడ కొంచెము వంగినచో లోనికడ్డీని బిగించియో వదలించియో సరిచేయవచ్చును. మెలి తిరిగినదానిని కొనరాదు. పిమ్మట మొదట క్రొత్తతీగలు, తరువాత మెడ, తీగల ఎత్తు, నిడివి సవరణ. ఆపై శ్రుతి నిలుపని బిరడలు. పికప్ అన్నిటికంటె కడపట.

పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ చరిత్ర మనకు తెలిసినదే. నాలుగు జంటతీగల మాండలినునకు మారుగా ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలినుపై ఆయన కర్ణాటకసంగీతమును పలికించెను. 1998లో పద్మశ్రీ నందెను. పరాయివాద్యమైనను అవసరమెరిగి సవరించినచో మన గమకములను పలుకగలదు.

మీ యింటి బాలుడు అపశ్రుతి పలికించినచో, వానిని మందలించుటకు ముందు పండ్రెండవ మెట్టును మీటి చూడుడు. సెలవు.