ఎర్ర చుక్క కింద ఎవరి నిప్పు?

ముఖచిత్రానికి ఎడిటర్ అడిగింది తగలబడుతున్న కొండ ఫొటో. గడువు బుధవారం. నా దగ్గరున్నది మాత్రం ఫోన్లో ఒక సందేశం: జిల్లా, డివిజన్, రేంజ్, బీట్, అక్షాంశం, రేఖాంశం. నొక్కితే అరకు కొండల మ్యాపు మీద ఒక ఎర్ర చుక్క. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ పంపే నిప్పు కబురు ఇది. పేరు నమోదు చేసుకుంటే ఎవరికైనా వస్తుంది. ఫొటో సంగతి పక్కన పెట్టి ఈ చుక్క వెంట పడ్డాను.

చుక్క చిన్నదే కానీ దాని కింద నేల చిన్నది కాదు. ఉపగ్రహంలోని విర్స్ పరికరానికి ఒక గడి అంటే 375 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. మన లెక్కలో దాదాపు 35 ఎకరాలు. అందులో ఎక్కడ వేడి తగిలినా చుక్క పడుతుంది. రెండెకరాల పోడులో ఎండిన కంప కాల్చినా, నిజంగానే అడవి అంటుకున్నా దాని రంగు ఒక్కటే. ఇంకో చిక్కు ఉంది. ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి అదే వేళకు. సాయంత్రం నాలుగింటికి రాజుకుని తొమ్మిదింటికి చల్లారిన మంట దాని లెక్కలోకే రాదు.

ఇంతకీ ఆ నిప్పు ఎందుకు పెడతారు? ఇప్పచెట్టు సంగతే చూడండి. పువ్వు రాలేది తెల్లవారుజామున. చెట్టు కింద ఎండాకు మందంగా పరుచుకుంటే పువ్వు కనపడదు, ఏరడానికి చేతికి చిక్కదు. అందుకని ముందుగానే ఆకు ఊడ్చి నిప్పు పెడతారు. గాలి తిరగకపోతే అది చెట్టు చుట్టూ నల్లటి వలయమై ఆగిపోతుంది. తిరిగిందా, వాలు మీదికి పాకుతుంది. నిప్పుకు దిగడం కన్నా ఎక్కడం తేలిక. మంట పైనున్న ఆకును ముందే ఎండబెట్టి పెడుతుంది. పచ్చికొమ్మలతో అంచు వెంట కొట్టుకుంటూ పోవడమే అక్కడి ఫైరింజను.

పోడు నిప్పుకు వేరే పంచాంగం. చలికాలం చివర నరికిన తుప్ప చైత్రానికి ఎండుతుంది. కాల్చిన బూడిదలో తొలివానకు సామలు, చోళ్లు, కందులు పడతాయి. ఇది గుట్టుగా చేసే అడవి దొంగతనమేమీ కాదు, ఊరందరికీ తెలిసిన సేద్యం.

చరిత్ర ఒక్క ఊపిరిలో: 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది, ఆ ఉక్రోషం కూడా తోడై 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి ఠాణా మీద పడింది, 1967 రాష్ట్ర అటవీ చట్టంలోనూ రిజర్వు అడవిలో నిప్పు నేరమే.

దేశమంతా చూస్తే, సీజనుకు పడిన చుక్కలు 2021-22లో 2,23,333. మరుసటి ఏడు 2,12,249. 2023-24లో 2,03,544. తగ్గాయని చప్పట్లు కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మూడేళ్ల లెక్క వానల మాట చెప్పొచ్చు, మన పనితనం మాట చెప్పదు. 2018లో కేంద్ర పర్యావరణ శాఖ, ప్రపంచ బ్యాంకు కలిసి వేసిన నివేదికలో నాకు నచ్చిన సంగతి వేరు: 2003 నుంచి 2016 దాకా కనిపించిన నిప్పుల్లో 44 శాతం ఇరవై జిల్లాల్లోనే. అంటే నిప్పుకు అలవాటు చోట్లున్నాయి. అలవాటు ఎందుకో అక్కడికెళ్లి అడగాలి. సందేశం బీటు అధికారికి చేరడంతో పని సగమే అయినట్టు. ఇప్పచెట్టు ఎవరిదో తెలిసిన ఊరివాళ్లకు కాపలా కూలి ముట్టాలి, పువ్వుకు ముందే చెట్టు కింద పరిచే వల అందాలి.

అరకు వైపు కాఫీ ఈ కాపలా పని కొంత చేసింది. పోడు మాన్పించడానికే సర్కారు దాన్ని ప్రోత్సహించింది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క ఫలానికి రావడానికి మూడు నాలుగేళ్లు. అన్నేళ్లు సాకిన రైతు పక్క కొండ మీద పొగ లేస్తే సందేశం కోసం చూడడు, కొమ్మ విరుచుకుని పరిగెత్తుతాడు.

మిగిలిన ముచ్చట

చైత్రంలో మన్యమంతా ఇటుకల పండుగ. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డం నిలిచి బళ్లు ఆపి డబ్బులు అడుగుతారు. ఉత్తచేతులతో దిగొచ్చిన వేటగాడికి ఎగతాళి తప్పదు. చుక్కలు జోరుగా పడేదీ ఆ రోజుల్లోనే.