బంగారు గని ఆయువు – పంచాయతీల బాధ్యత

ఈ వ్యాసము వ్రాయబడుచున్నది విశాఖపట్టణములోని మద్దిలపాలెము నుండి. ఈ పట్టణమునకు బంగారు గనులతో సంబంధము లేదు, ఇనుముతో కలదు. బైలడిల్లా కొండలలో త్రవ్విన ఇనుప ఖనిజము 1960వ దశకము చివరి నుండి కొత్తవలస – కిరండూలు రైలు మార్గమున ఇచ్చటి ఓడరేవునకు వచ్చుచున్నది. ఉక్కు కర్మాగారమునకు స్వంత ఇనుప గని లేకపోవుటచే దానికి కలిగిన చిక్కులను ఈ పట్టణమువారు చిరకాలముగా చూచుచున్నారు. గని ఎన్ని మైళ్ల దూరముననున్నను, దాని ఆయువుపై ఆధారపడి బ్రతుకు ఊళ్లు ఎన్నియో కలవని ఇచ్చటివారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ ఇనుప ఖనిజము ఒక టన్ను తీసికొన్నచో అందు ఆరు వందల కిలోలకు పైగా ఇనుము ఉండును. బంగారు గనిలో ఒక టన్ను రాయి తీసికొన్నచో అందు మూడు, నాలుగు గ్రాముల బంగారమున్నను ఆ గని పనికివచ్చు గనియే. అనగా పది లక్షల గ్రాముల రాతిని పగులగొట్టి, పిండివలె నూరి, నీటిలో కలిపి, మందులలో నానబెట్టి, చివరకు ఒక చిన్న ఉంగరమునకు చాలినంత లోహమును తీయవలెను. మిగిలినదంతయు ఊరి ప్రక్కన దిబ్బయై నిలుచును. బంగారు గనుల కష్టసుఖములన్నియు ఈ ఒక్క లెక్కలో ఇమిడియున్నవి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలమున జొన్నగిరి, ఎర్రగుడి, పగిడిరాయి గ్రామముల ప్రాంతమున బంగారు గని ఏర్పడిన ఈ రోజులలో, ఆ లెక్కను పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

మన తెలుగువారికి దగ్గరగా జరిగిన కథ కోలారు గనులది. 1873లో లావెల్ అను ఐరిష్ సైనికుడు మైసూరు ప్రభుత్వము నుండి అచ్చట వెదకుటకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టిరి. 1902లో కావేరి నదిపై శివసముద్రము వద్ద పుట్టిన విద్యుత్తు, తొంబది మైళ్లకు పైగా తీగలపై ప్రయాణము చేసి ఆ గనులకు చేరినది. ఆవిరి యంత్రముల స్థానమున విద్యుత్తు వచ్చుటచే ఖర్చు తగ్గినది. ఖర్చు తగ్గుటచే అంతకు ముందు గిట్టుబాటు కాని రాయి గిట్టుబాటయినది. గని ఆయువు పెరుగుట అనగా సాధారణముగా ఇదియే. భూమిలో బంగారము కొత్తగా పుట్టదు. తీయు ఖర్చు తగ్గినప్పుడు, నిన్న రాయి అనిపించినది నేడు ఖనిజమగును.

అయితే దానికి ఎదురుగా మరియొక శక్తి పనిచేయుచుండును. అది లోతు. చాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్లకు మించిన లోతునకు పోయినది. అంత లోతున రాయి వేడిగా ఉండును. చల్లని గాలిని పంపవలెను, నీటిని పైకి తోడవలెను, రాతిని మైళ్లకొలది మోయవలెను. పైనున్న కొండ బరువునకు రాళ్లు ఒక్కసారిగా ప్రేలునట్లు విరిగి కార్మికులను బలిగొనెడివి. ఆ బరువును ఆపుటకు ఖాళీలలో గ్రానైటు రాళ్లతో గోడలు కట్టిరి. తరువాత కాంక్రీటు వాడిరి. తొలి దశాబ్దములలో దొరికిన సంపన్నమైన రాయి తరిగిపోయి, చివరి కాలమున టన్నునకు కొద్ది గ్రాములు మాత్రమే మిగిలినవి. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్ర ప్రభుత్వమును ఈ గనులను తమ చేతిలోనికి తీసికొన్నవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతబడినవి. సుమారు నూట ఇరువది సంవత్సరములలో అచ్చట తీసిన బంగారము ఎనిమిది వందల టన్నులని అంచనా.

గనులు మూతబడిన నాడు పది గ్రాముల బంగారము ధర అయిదు వేల రూపాయలకు లోపు. 2025లో అది లక్ష రూపాయలను దాటినది. ధర పెరుగునని ముందుగా తెలిసియున్నచో ఏమి చేసియుందురో చెప్పలేము. కాని ఒకటి మాత్రము నిశ్చయము. నీటితో నిండిపోయిన గనిని తిరిగి తెరచుట క్రొత్త గని త్రవ్వుటకంటె సులభము కాదు. అందుచే మూయవలసి వచ్చినప్పుడు కూడ పటములు, నమూనాలు, నీరు తోడు ఏర్పాట్లు భద్రపరచి మూయవలెను. అదే సంస్థ అనంతపురము జిల్లా రామగిరి వద్దను, చిత్తూరు జిల్లా కుప్పము సమీపమున చిగర్గుంట, బిసానత్తము వద్దను నడపిన చిన్న గనులు కూడ 2001లోనే నిలిచిపోయినవి. రామగిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.

ఇదే కాలమున మరియొక గని మూతపడకుండ నిలిచినది. రాయచూరు జిల్లాలోని హట్టి గని ఒకప్పుడు నిజాము రాజ్యములోనిది. అచ్చట ప్రాచీనులు ఆరు వందల అడుగులకు పైగా లోతు త్రవ్విన జాడలు కలవు. అందు దొరికిన కొయ్యలు సుమారు రెండు వేల సంవత్సరముల నాటివని పరీక్షలలో తేలినది. ఇనుప పనిముట్లతో, నిప్పుతో రాతిని కాల్చి నీటితో పగులగొట్టిన ఆ పనివారి ఓర్పు ఆశ్చర్యము కలిగించును. 1920లో మూతబడిన ఈ గనిని 1947లో హైదరాబాదు ప్రభుత్వము తిరిగి తెరిపించినది. 1956లో రాష్ట్రముల పునర్విభజనతో అది మైసూరు రాష్ట్రమునకు చెందినది. నేడు దేశమున తీయు బంగారములో అధిక భాగము అచ్చటిదే. హట్టివారు ప్రక్కనున్న ఊటి వంటి చిన్న నిక్షేపముల రాతిని లారీలలో తెచ్చి తమ మరలోనే నూరిరి. ప్రతి చిన్న గనికి ఒక మర కట్టినచో ఏ గనియు బ్రతుకదు. నడుమ ఒక మర యుండి చుట్టును చిన్న గనులున్నచో అన్నియు కొంతకాలము బ్రతుకును. చెరకు గానుగ విషయము కూడ ఇంతియే గదా!

ఇప్పుడు లెక్క చూతము. ఇది ఉదాహరణకు కల్పించిన లెక్క. ఒక గనిలో టన్నునకు 6 గ్రాములు గల రాయి లక్ష టన్నులు, టన్నునకు 2 గ్రాములు గల రాయి మూడు లక్షల టన్నులు ఉన్నవనుకొందము. మంచి రాయిలో 600 కిలోలు, తక్కువ రాయిలో కూడ 600 కిలోలు బంగారము కలదు. ఏడాదికి లక్ష టన్నులు నూరు మర యున్నది. మంచి రాతిని మాత్రమే ఏరి తీసినచో ఒక్క ఏడాదిలో గని ముగియును. లాభము కంటికి నిండుగా కనబడును. తక్కువ రాతికి పోవు దారులు కూలిపోవును. అందలి 600 కిలోలు శాశ్వతముగా పోవును. రెండు రకములను తగు పాళ్లలో కలిపి నూరినచో సగటున టన్నునకు 3 గ్రాములు వచ్చును, గని నాలుగేండ్లు నడచును. ధాన్యము కొట్టులో పైనున్న మంచి గింజలను తిని అడుగువాటిని పురుగుల పాలు చేయు సంసారమును మనవారు మెచ్చుకొనరు. గనుల విషయమున మాత్రము మొదటి ఏటి లాభమును చూచి చప్పట్లు కొట్టుట పరిపాటియైనది.

మరలో పోవు బంగారము గూర్చి కూడ ఆలోచించవలెను. పై లెక్కలో 1,200 కిలోలకు నూటికి తొంబది చేతికి వచ్చినచో 1,080 కిలోలు. తొంబదియైదు వచ్చినచో 1,140 కిలోలు. ఆ తేడా 60 కిలోలు. ఒక్క పార ఎక్కువ త్రవ్వకుండ వచ్చిన బంగారమిది. రాతిని తక్కువ నూరినచో బంగారము రాతిలోనే చిక్కుకొనును. అవసరమునకు మించి నూరినచో విద్యుత్తు వృథా. నూరుటయే మరలో అన్నిటికంటె ఎక్కువ విద్యుత్తును మ్రింగు పని. ముతక బంగారమును ముందుగా బరువును బట్టి వేరుచేసి, మిగిలిన దానిని మాత్రమే సైనైడు ద్రావణములో కరగించి, బొగ్గు పలుకులకు పట్టించుట నేటి పద్ధతి. సైనైడు పద్ధతి 1887లో గ్లాస్గోలో పుట్టినది. గని లోపల రాతిపొర వెడల్పు రెండడుగులున్నచోట ఆరడుగుల వెడల్పున ప్రేల్చినచో, మూడింట రెండు వంతులు వట్టి రాతిని పైకి తెచ్చి నూరుటయే అగును. జాగ్రత్తగా రంధ్రములు వేసి కొలిచి ప్రేల్చు మేస్త్రీ కంపెనీకి మిగిల్చు ధనము ఇంతయని చెప్పుట కష్టము.

ఇక దిబ్బల సంగతి. పంచాయతీలకు నిజముగా తగులునది ఇదియే. కోలారు ప్రాంతమున సైనైడు దిబ్బలని పేరు పొందిన తెల్లని కొండలు కలవు. గాలి వీచినప్పుడు ఆ పొడి ఇండ్లలోనికి, బావులలోనికి, అన్నము వండు పాత్రలలోనికి పోవును. అందలి సన్నని ఇసుక ఊపిరితిత్తులకు హాని చేయును. ఆ దిబ్బలలో కొంత బంగారము మిగిలియుండుట వాస్తవము. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గు చుట్టునున్న పాత దిబ్బలను నీటితో కడిగి మరల బంగారము తీయుచున్నారు. దిబ్బను తరలించి బంగారము తీసి, మిగిలిన దానిని మరియొకచోట కప్పి పచ్చిక పెంచినచో గనికి ఆదాయమును, ఊరికి ఆరోగ్యమును కలుగును. తీసి మరల విప్పియే పోసినచో దుమ్ము రెండింతలగును.

క్రొత్త గనులలో దిబ్బ పెరుగకుండ చేయు ఉపాయములు కలవు. నూరిన మట్టిలోని ముతక భాగమును గనిలోని ఖాళీలలోనికే తిరిగి పంపవచ్చును. దీనిచే పైన దిబ్బ తగ్గును. లోపల రాయి కూలదు. ఆధారముగా వదలిన స్తంభములలోని బంగారమును కూడ తీయవచ్చును. మట్టిలోని నీటిని పిండి మరల మరకు వాడినచో ఊరి బోరుబావుల మీద భారము తగ్గును. సైనైడును పారవేయకముందే విరిచివేయు యంత్రములు ఉండవలెను. 2000 జనవరి 30వ తేదీన రుమేనియాలోని బాయా మారె వద్ద ఒక బంగారు మర కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీరు తీసా నదిలోనికి, అటనుండి డాన్యూబు నదిలోనికి పోయినది. చేపలు టన్నులకొలది చచ్చినవి. ఎగువనున్న ఒక్క కట్టచే దిగువనున్న రెండు దేశముల త్రాగునీరు కలతబడినది. మన చెరువులు ఒకదాని క్రింద ఒకటిగా గొలుసువలె ఉండునవి. ఎగువ కట్ట ఎచ్చటనున్నదో దిగువ పంచాయతీవారు తెలిసికొనవలెను.

పంచాయతీ చేతిలో ఏమున్నదని కొందరు ప్రశ్నింతురు. లైసెన్సు ఇచ్చునది పైవారు గదా! నిజమే. అయినను 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద గనికి అనుమతి ఇచ్చుటకు ముందు బహిరంగ విచారణ జరుగవలెను. కనీసము ముప్పది దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో కూడ ఉండవలెను. కలెక్టరు గాని, వారి తరఫున తగిన అధికారి గాని అధ్యక్షత వహింతురు. సభ ముగియునప్పుడు ప్రజలు చెప్పిన విషయములను స్థానిక భాషలో చదివి వినిపించవలెను. ఆ కార్యక్రమ వివరములు పంచాయతీ కార్యాలయమున కూడ ప్రకటింపబడవలెను. సభనాడు వచ్చి కేకలు వేయుటకంటె, ఆ ముప్పది దినములలో సారాంశమును చదివి నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని వచ్చుట మేలు. ఏడాదికి ఎంత నీరు, ఏ బావి నుండి? దిబ్బ ఎచ్చట, ఎంత ఎత్తు? నూరిన మట్టిలో ఎంత భాగము గనిలోనికి తిరిగిపోవును? తక్కువ రాతిని ఏమి చేయుదురు? చివరి ప్రశ్న అడుగువారు అరుదు. గని ఎన్నేండ్లు నడచునో తేల్చునది అదియే.

గని మొదలగుటకు ముందే ఊరిలోని బావుల నీటిమట్టమును, నీటి గుణమును కొలిపించి తేదీతో సహా రికార్డు పుస్తకమున వ్రాసియుంచుట మరచిపోరాదు. తరువాత బావి ఎండినప్పుడు, వానలు లేకనా, గని తోడుటచేతనా అను తగవు తీరుటకు మరి ఏ ఆధారమును ఉండదు. తుగ్గలి ప్రాంతమున తొలకరి వాన పడగానే జనము పొలములలో వజ్రములు వెదకుటకు బయలుదేరుదురు. ఆ శ్రద్ధలో పదవ వంతు ఈ నీటి లెక్కలపై పెట్టినను చాలును!

2015లో గనుల చట్టమునకు చేసిన సవరణ వలన జిల్లా ఖనిజ ప్రతిష్ఠానములు ఏర్పడినవి. గనివారు ప్రభుత్వమునకు చెల్లించు రాయల్టీ గాక, వేలము ద్వారా పొందిన గనులపై రాయల్టీలో నూటికి పదియును, అంతకు ముందు ఇచ్చిన గనులపై ముప్పదియును ఈ నిధికి చెల్లింపవలెను. ఈ సొమ్ములో పెద్ద భాగము త్రాగునీరు, ఆరోగ్యము, విద్య, పర్యావరణము వంటి పనులకు పోవలెనని నియమము. ఇది దయాదానము కాదు; గని వలన నష్టపడిన ఊళ్లకు చట్టము నిర్ణయించిన వాటా. కల్యాణ మండపమును, స్వాగత ద్వారమును అడుగుట సులభమే. గని నడచినన్నాళ్లే ఈ నిధి వచ్చును గనుక, గని పోయిన తరువాత కూడ పనికివచ్చు చెరువు మరమ్మతు, త్రాగునీటి పథకము, యువకులకు వేరొక వృత్తి విద్య కోరుట వివేకము. కోలారులో తండ్రి, కొడుకు, మనుమడు ఒకే గనిలో పనిచేసిరి. గని మూతబడగా వేలాది మంది తెల్లవారుజాము రైలుపట్టుకొని బెంగుళూరునకు కూలికి పోవలసి వచ్చినది.

మూసివేత పథకము కూడ గని తెరచిన నాడే తయారుకావలెను. 2017 నాటి ఖనిజ పరిరక్షణ నియమముల ప్రకారము అయిదేండ్లకొకమారు క్రమక్రమముగా మూయు పథకమును, గని ముగియుటకు రెండేండ్లు ముందుగా తుది మూసివేత పథకమును సమర్పింపవలెను. అందులకు హామీ సొమ్ము కూడ చూపవలెను. మొదట త్రవ్విన పైమట్టిని వేరుగా కుప్పవేసి, తరువాత పరచి మొక్కలు నాటవలెను. ఆ పైమట్టి కుప్ప ఎచ్చటనున్నదని పంచాయతీ సభ్యుడు ఒకసారి అడిగి స్వయముగా చూచి రావచ్చును. రాళ్ల క్రింద కప్పబడిపోయిన పైమట్టి ఇరువదియేండ్ల తరువాత ఎంత ధనము పోసినను దొరకదు.