తూకానికి దొరకని లోటు

మీ ఊళ్ళో ఒకే తరగతి చదువుతున్న ఒక అబ్బాయినీ, ఒక అమ్మాయినీ తీసుకోండి. ఇద్దరికీ పద్నాలుగేళ్ళే. వీరిలో పోషణ లోపం ఎవరికి ఎక్కువ ఉండవచ్చు? ‘అమ్మాయికే’ అని మీలో చాలామంది చప్పున చెప్పేస్తారు. కాని తక్కెడ అలా చెప్పడం లేదు!

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకై ఒక్క గదిలో మొదలైన సంస్థ ఇది. 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ప్రజలు ఏం తింటున్నారో, ఎలా ఉన్నారో గమనించడానికి 1972లో దీని ఆధ్వర్యంలో ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ సిబ్బంది ఊరూరా తిరిగి పిల్లల ఎత్తూ, బరువూ కొలిచేవారు. కొలత గిన్నెలు వెంట తీసుకువెళ్ళి, ‘నిన్న ఎవరెవరు ఏం తిన్నారు? ఈ గిన్నెతో ఎన్ని?’ అని అడిగేవారు. ‘ఇంత తిన్నాను’ అని చేత్తో చూపిస్తే శాస్త్రానికి చాలదు కదా!

గ్రామాల్లోని కౌమార బాలబాలికల గురించి ఈ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన ఫలితాలు చూడండి. ఎత్తు చాలనివారు ఇరువురిలోనూ సుమారు 39 శాతం. బరువు చాలనివారు మాత్రం అమ్మాయిల్లో 39.5 శాతమైతే, అబ్బాయిల్లో 53 శాతం!

ఇందుకు ఒక కారణం పెరిగే తీరులోనే ఉంది. అమ్మాయిలు అబ్బాయిలకంటే సుమారు రెండేళ్ళు ముందుగానే చకచకా ఎదుగుతారు. అబ్బాయిల వంతు తరువాత వస్తుంది. తిండి చాలకపోతే అది మరింత ఆలస్యమవుతుంది.

మరి అమ్మాయిలు క్షేమమేనా? తక్కెడను పక్కన పెట్టి ఒక్క చుక్క రక్తం పరీక్షిస్తే కథ తిరగబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ళ అబ్బాయిల్లో 31 శాతానికి రక్తహీనత ఉంటే, అమ్మాయిల్లో 59 శాతానికి ఉంది. చూడటానికి ఒళ్ళు బాగానే ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, పాఠం వింటుంటే నిస్సత్తువ. దాన్ని బద్ధకమని తిట్టేవాళ్ళే ఎక్కువ.

ఈ లెక్క మీరే వేయవచ్చు. రక్తంలో ప్రతి మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలసరిలో 30 మిల్లీలీటర్ల రక్తం పోయిందనుకుంటే 15 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టే. అంటే రోజుకు అర మిల్లీగ్రాము. ఇంతేనా అనుకోకండి. మన భోజనంలోని ఇనుములో ఒంటికి పట్టేది నూటికి ఎనిమిది పాళ్ళే అనుకుంటే, ఆ అర మిల్లీగ్రాము కోసం రోజూ 6 మిల్లీగ్రాములు అదనంగా తినాలి!

పోషకాహార సంస్థ 2020లో సూచించిన లెక్కలు ఇలా ఉన్నాయి: 13–15 ఏళ్ళ అబ్బాయికి రోజుకు 2,860 కేలరీలు, 22 మిల్లీగ్రాముల ఇనుము. అమ్మాయికి 2,400 కేలరీలు, 30 మిల్లీగ్రాముల ఇనుము. అంటే తక్కువ తిండిలోనే ఎక్కువ ఇనుము రావాలన్నమాట. తెల్లబియ్యం ఆ పని చేయలేవు. 100 గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఇనుమైనా ఉండదు. అదే సజ్జల్లో ఆరుకు పైగా ఉంటుంది. ఇక చాలా ఇళ్ళలో మగవాళ్ళూ, మగపిల్లలూ తిన్నాకనే తల్లీ, కూతురూ కూర్చుంటారు. అప్పటికి అన్నం మిగులుతుంది గాని, పప్పూ కూరా గిన్నె అడుగున ఉంటాయి. అమ్మాయికి ఎక్కువ కావలసింది ఆ గిన్నెలోదే!

ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే, భోజనమయ్యాక జామకాయ తింటే, వాటిలోని సి విటమిను వల్ల ఇనుము బాగా ఒంటపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అంత పట్టదు. చెప్పులు లేకుండా పొలాల్లో తిరిగేవారిలో కాళ్ళగుండా చేరే కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీల్చేస్తాయి; ఇవి అబ్బాయినీ, అమ్మాయినీ కూడా వదలవు.

బడుల్లో వారానికొకసారి నీలం రంగు ఇనుము మాత్ర ఇచ్చే పథకం 2012–13లో మొదలైంది. అది ఇరువురికీ ఉద్దేశించినదే. దాన్ని భోజనం చేశాక వేసుకోవాలి. మర్నాడు విరేచనం నల్లగా అయిందని కొందరు భయపడి, తరువాతి మాత్రను కిటికీలోంచి పారేస్తారు. ఆ నలుపు ఒంటికి పట్టగా మిగిలిన ఇనుముదే.