పేలుడు కంపనాలు – ఇంటి గోడలు

తూర్పు కనుమలు సముద్రానికి చేరువగా సాగే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో రాతికి కొరత లేదు. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు దేశాంతరాలలోనూ ప్రసిద్ధం. అయితే ఎగుమతికి పనికివచ్చే దిమ్మెలు పగిలిపోకుండా వజ్రపు తీగరంపాలతో కోస్తారు. భారీ పేలుళ్ళు ఎక్కువగా కంకర క్వారీలవే. క్వారీ ఉన్నచోట, "పేలుడుకు మా గోడ బీటవారింది" అనే గ్రామస్థుల ఫిర్యాదూ, "అది పాతబీటే" అనే యజమానుల జవాబూ వినవస్తూనే ఉంటాయి. నిజం తేలాలంటే నేల అదురు ఇంటిలోకి ఎట్లా ప్రవేశిస్తుందో తెలియాలి.

బండలో తొలిచిన రంధ్రాలలో మందు పేలినప్పుడు, రాతిని చీల్చగా మిగిలిన శక్తిలో కొంత తరంగాలై నేలలో వ్యాపిస్తుంది. తరంగం ముందుగా పునాదిని కదిలిస్తుంది. బరువైన పైకప్పు వెంటనే కదలదు. పాదాలు ఒకవైపు జరిగి తల నిలిచిపోయిన మనిషివలె గోడ ఏటవాలుగా సాగుతుంది. ఇటుక, మట్టి, సున్నం నొక్కుడును ఓర్చినంతగా సాగుడును ఓర్వలేవు. అందువల్లనే ద్వారబంధాల, కిటికీల మూలలనుండి ఏటవాలు బీటలు బయలుదేరుతాయి.

ఉయ్యాలకువలె ప్రతి ఇంటికీ ఒక సహజమైన ఊపు ఉంటుంది. ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళలో అది సాధారణంగా సెకనుకు 4 నుండి 12 కంపనాలు. నేల అదురు అదే లయలో వస్తే ఊపు పెరుగుతుంది. కనుకనే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన పరిమితులు కంపనాల లయనుబట్టి మారుతాయి. క్వారీదారుకు చెందని నివాసగృహాల వద్ద, సెకనుకు 8 కంపనాలకు లోపైతే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. 8–25 మధ్య 10, అంతకు పైన 15. చారిత్రక కట్టడాలకు మొదటి అంకె 2 మాత్రమే. శ్రీముఖలింగం వంటి ప్రాచీనాలయాలున్న సీమలో ఇది గుర్తుంచుకోదగిన భేదం.

మనిషి శరీరం సెకనుకు ఒక మిల్లీమీటరు కదలికనే పసిగడుతుంది. కాబట్టి అటకమీది గిన్నెలు గలగలమన్నంత మాత్రాన ఇల్లు దెబ్బతిన్నదనలేము. అట్లని గ్రామస్థుల మాటను భ్రమగా కొట్టివేయటం న్యాయం కాదు. పూర్వపు చుట్టిల్లుకు తేలికైన తాటాకు కప్పు, మూలలు లేని గుండ్రని గోడ ఉండేవి. మట్టి అడుసుతో కట్టిన ఇటుకగోడలపై బరువైన శ్లాబు మోపిన ఇంటికి ఆ వెసులుబాటు లేదు. ఎండవేడికి, పునాది కుంగుబాటుకు కూడా గోడలు బీటవారుతాయి కనుక పేలుళ్ళు మొదలుకాకముందే ఉన్న బీటలను తేదీలతో నమోదు చేయాలి. బీటకు అడ్డంగా సన్నని గాజుపలక అతికిస్తే, బీట విస్తరించినప్పుడు అది విరుగుతుంది. కంపనాలను కొలిచే పరికరాన్ని ఫిర్యాదు చేసినవారి ఇంటి పునాది పక్కనే నేలలో అమర్చాలి; క్వారీ కార్యాలయం వద్ద నమోదైన అంకె ఆ గోడకు వర్తించదు.